దసరాకి చూసిన పొలం

ఈ వారం ఉత్తరం కూకట్‌పల్లి నుంచి వచ్చింది. పేరు వేయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం, దానికి తోడు ప్రింటు తీసిన ఒక ఎక్సెల్ షీటు. క్లుప్తంగా సంగతి ఇది.

రాసినాయనకి 39 ఏళ్ళు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారానికి మూడు రోజులు ఆఫీసుకి వెళ్ళాలి, మిగతా రోజులు ఇంటి నుంచే పని. భార్య ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. పాప ఎనిమిదో తరగతి, బాబు నాలుగో తరగతి. 68 ఏళ్ళ తల్లి వీళ్ళతోనే ఉంటారు, ఆవిడకి బీపీ, షుగరు. కరోనా రోజుల్లో మిద్దె మీద టమాటాలు పెంచడంతో మొదలైన ఆలోచన ఇప్పుడు పెద్దదైంది. బియ్యం, పప్పు, నూనె, పాలు, గుడ్లు, కూరగాయలు ఏదీ కొనకుండా ఐదుగురూ సొంత నేల మీద బతకాలన్నది ఆయన కోరిక. వికారాబాద్ జిల్లా పరిగి దాటాక ఒక ఊళ్ళో రెండెకరాల పది గుంటలు (నలభై గుంటలు ఒక ఎకరం) చూశారు. దసరా సెలవుల్లో వెళితే "గెట్ల మీద తంగేడు విరగబూసి ఉంది, ఇంక అక్కడి నుంచి కదల బుద్ధి కాలేదు" అట. చుట్టూ అందరూ పత్తి వేసి మందులు కొడుతున్నారట, తాను మాత్రం ఆ దారిన పోనన్నారు. మూడు లక్షలు బయానా ఇచ్చేశారు. సంక్రాంతిలోపు రిజిస్ట్రేషన్ కావాలని అమ్మేవాళ్ళ పట్టు. ఉంటున్న ఫ్లాటు అమ్మితే భూమి, బోరు, చిన్న ఇల్లు, ఒక బర్రె అన్నీ అయ్యాక ఇంకా 18 లక్షలు చేతిలో మిగులుతాయని లెక్క.

చిక్కు ఇంట్లో వచ్చింది. భార్య "నన్ను అడక్కండి. కావాలంటే శని ఆదివారాలు వస్తా" అన్నారు. ఆ తర్వాత ఆ మాట ఎత్తితే ఇల్లంతా మౌనం. తల్లి "నీ ఇష్టం నాయనా" అంటారు, అంతకుమించి పెదవి విప్పరు. "నా సరదా కోసం కాదు కదా, వాళ్ళ ఆరోగ్యం కోసమే కదా. ఎలా ఒప్పించాలి?" అని అడిగారు. ఉత్తరం చివర, సంతకం పెట్టే చోటుకి కాస్త పైన, ఇంకో వాక్యం ఉంది: "మాది పాత నల్గొండ జిల్లా. నాన్న మూడు బోర్లు వేసి నీళ్ళు పడక 2003లో నాలుగెకరాలూ అమ్మి సిటీకి వచ్చారు. ఆ పొలం ఇప్పటికీ కలలోకి వస్తుంది."

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. షీటు మాత్రం చాలాసేపు చూశాను. బాగా వేశారు, మొహమాటానికి అనడం లేదు. ఇంట్లో నెలకి ఎన్ని కిలోల కందిపప్పు అవుతుందో తెలిసిన మగవాళ్ళు తక్కువ. కానీ నా కన్ను చివరి కాలమ్ దగ్గర ఆగిపోయింది. "ఎవరు చేస్తారు" అని పెట్టారు. మొత్తం 31 పనులు. మీ పేరున్నవి 12, మీ ఆవిడవి 10, అమ్మగారివి 6, పిల్లలవి 3. పైకి న్యాయంగానే పంచినట్టు ఉంది.

ఇప్పుడు అదే కాలమ్ ఇంకోలా చదవండి. మీ పేరు పక్కన బోరు వేయించడం, కంచె, డ్రిప్పు పైపులు, ట్రాక్టరు మాట్లాడటం, విత్తనాలు తేవడం ఉన్నాయి. మీ ఆవిడ పేరు పక్కన రెండు పూటలా పాలు పితకడం, పేడ తీయడం, ఎరువు కోసం పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టే జీవామృతం డ్రమ్ము పొద్దునా సాయంత్రం కలియబెట్టడం, కూరగాయలు కోయడం, వంట. అమ్మగారికి కోళ్ళు, దూడ, పప్పు బాగుచేయడం. మీవి ఏడాదికోసారో వారానికోసారో వచ్చే పనులు. వాళ్ళవి తెల్లారితే చేయాల్సినవి, ఒంట్లో బాగా లేకపోయినా తప్పనివి. ఆ కాలమ్ నింపేటప్పుడు వాళ్ళెవరైనా మీ పక్కన కూచున్నారా? ఉత్తరంలో ఎక్కడా ఆ మాట లేదు. మీ ఆవిడ "నన్ను అడక్కండి" అన్నది మీరు అడిగినందుకు కాదేమో, అడక్కుండానే పేరు రాసేసినందుకేమో.

ఆ సంగతికి మళ్ళీ వస్తాను. సంక్రాంతి గడువు నెత్తి మీద ఉంది కాబట్టి ముందు భూమి మాట. నేను ముప్పై ఏళ్ళు వ్యవసాయ శాఖలో ఊళ్ళు తిరిగి రిటైరైన మనిషిని. పొలం కనబడితే ముందు దాని గురించి మాట్లాడకుండా ఉండలేను.

దసరాకి తెలంగాణలో ఏ నేలైనా అందంగానే ఉంటుంది. వానలు అప్పుడే వెనక్కి పోతుంటాయి, గునుగు, తంగేడు బతుకమ్మ కోసమే పూసినట్టు పూస్తాయి. అమ్మేవాళ్ళకీ అది తెలుసు. తంగేడు అంటే నాకూ ఇష్టమే, కానీ అది నీళ్ళు లేని చోట, సత్తువ లేని గరుసు నేలల్లో కూడా జంకకుండా పెరిగే మొక్క. అది ఉన్నంత మాత్రాన భూమి చెడ్డదని కాదు, మంచిదని మాత్రం సాక్ష్యం కాదు. మే నెలాఖరున, రోహిణి కార్తెలో, మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి చూడండి. చుట్టుపక్కల బోర్లు అప్పుడు ఎంతసేపు పోసి ఆగిపోతున్నాయో నిలబడి చూడండి. రైతుల్ని "ఎన్ని బోర్లు పడ్డాయి" అని అడిగితే ఒకటో రెండో అంటారు. "ఎన్ని పోయాయి" అని అడగండి, అసలు సంగతి అప్పుడు బయటికొస్తుంది. మన దగ్గర చాలా చోట్ల అడుగున గట్టి రాయి. నీళ్ళు ఆ రాతి పగుళ్ళలో ఉంటాయి. గెట్టు అవతల రెండించుల నీళ్ళు పడితే ఇవతల దుమ్ము లేవొచ్చు. మీకు ఇది నేను చెప్పాలా, మీ నాన్నగారు మూడుసార్లు చూశారు.

మీ షీటులో నీళ్ళకి ఒక్కటే గడి ఉంది: "బోరు, 1". ఆ ఒక్క గడి మీద మిగతా 30 ఆధారపడి ఉన్నాయి. బోరు మోటారుకి కరెంటు ఉచితం, 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఇస్తున్నారు. కరెంటు ఉచితం గానీ నీళ్ళు కాదు. నీళ్ళు, నేల, చెట్ల రక్షణకి వాల్టా చట్టం వచ్చిన 2002 నుంచి బోరు వేయడానికి అనుమతి కూడా తీసుకోవాలి.

వరి దగ్గర లెక్క వేసి చూపిస్తాను. నెలకి 30 కిలోల బియ్యం అన్నారు, ఏడాదికి 360. వడ్లు మరపట్టిస్తే నూటికి 65 వంతులు బియ్యం వస్తాయనుకుంటే ఐదున్నర క్వింటాళ్ళ పైన వడ్లు కావాలి. విత్తనానికి కొంచెం ఉంచుకుని ఆరు అనుకోండి. అనుభవమున్న రైతు ఎకరానికి 20, 25 క్వింటాళ్ళు తీస్తాడు. ఎరువులు వేయకుండా, మొదటిసారి, మీకు 15 వస్తే గొప్ప. అంటే 16 గుంటలు. పెద్ద జాగా కాదు. కానీ వరి మడికి పంటకాలమంతా కలిపి 1,200 మిల్లీమీటర్ల నీళ్ళు కావాలనుకుంటే ఆ 16 గుంటలకే 19 లక్షల లీటర్లు దాటుతుంది. ఎండాకాలం మీ అపార్ట్‌మెంటుకి వస్తాయే 5,000 లీటర్ల ట్యాంకర్లు, అవి దాదాపు 390. ఇందులో వాన ఇచ్చేది పోను మిగతాది బోరు ఇవ్వాలి. హైదరాబాద్ చుట్టుపక్కల ఏడాది మొత్తానికి పడేదే 800 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. ఇంత చేసి పండించిన బియ్యం కిలో 60 రూపాయల చొప్పున కొంటే 21,600 రూపాయలు. చెరువు కింద మడి ఉన్న రైతు దగ్గర కొనుక్కోవడం నామోషీ కాదు.

అదే కంది చూడండి. మీరు వెళ్ళబోయే జిల్లాలోనే తాండూరు ఉంది, అక్కడి కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మిరుగం (జూన్‌లో వచ్చే మృగశిర కార్తె) చినుకులకి విత్తితే వాన మీదే నిలబడుతుంది, సంక్రాంతి ప్రాంతాల్లో కోతకొస్తుంది, వేరు లోతుకి పోతుంది, రాలిన ఆకు నేలకే ఎరువు. మీ ఇంటికి నెలకి మూడు కిలోల పప్పు చాలు. దానికి యాభై కిలోల పైచిలుకు కందులు కావాలి. ఎకరానికి మూడే క్వింటాళ్ళు వచ్చినా ఏడు గుంటల్లో తీరిపోతుంది. గెట్ల వెంట వేసుకున్నా సగం వస్తుంది. నేను చెప్పేదేమిటంటే మీ ఆరు సరుకులూ ఒకే రకం కష్టం కాదు. కొన్ని ఆ నేల తనంతట తాను ఇచ్చేవి, కొన్ని మీరు దాని మెడలు వంచి తీయాల్సినవి. షీటులో అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి.

పత్తి సంగతి. చుట్టూ అందరూ పత్తి వేశారని కొంచెం చిన్నచూపుతోనే రాశారు. ఎందుకు వేశారని అడిగారా? మార్కెట్టు ఒక కారణమే. ఇంకోటి, కోతి పత్తి తినదు. అడవి పంది పత్తి చేను తవ్విపోయదు. చూపుమేరలో ఒక్క పల్లి చేను లేదు, ఒక్క కూరగాయల మడి లేదు అంటే ఆ ఊరివాళ్ళకి తెలివి లేక కాదు. ఎన్నో ఊళ్ళలో కోతుల బాధ పడలేక మొక్కజొన్న, పల్లి, కూరగాయలు మానేసిన రైతుల్ని నేను చూశాను. మీ టమాటా మడికి పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఒక మనిషి కాపలా కావాల్సి రావచ్చు. ఆ పని షీటులో లేనే లేదు. 32వ పని అది, ఎవరి పేరు రాస్తారు?

బాట గురించి ఒక్క ముక్కలో దాటేశారు: "వాళ్ళ అన్న పొలంలోంచి పోవచ్చన్నారు." ఎవరన్నారు? అమ్మే తమ్ముడన్నాడా, అన్నే అన్నాడా? రేపు అన్నదమ్ములు మాట పట్టింపుకి వస్తే బోరు రిగ్గు లారీ లోపలికి రాదు, ట్రాక్టరు రాదు, అమ్మగారికి అవసరమైతే అంబులెన్సు రాదు. బాట రిజిస్టరు కాగితంలోకి ఎక్కాలి, అన్న సంతకంతో. నక్షాలో, అంటే ఊరి భూముల పటంలో, బాట ఉందో లేదో సర్వేయరుతో కొలిపించండి. మిగతా కాగితాలు మీకు తెలిసే ఉంటాయి: ఈసీ (భూమి మీద ఉన్న తాకట్లు, జరిగిన అమ్మకాలు చూపే పత్రం), పట్టా పాసుబుక్కు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితా. పేదలకి ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూమైతే 1977 చట్టం ప్రకారం కొనుగోలే చెల్లదు. భూమి రికార్డులకి ధరణి పోర్టల్ పోయి 2025 ఏప్రిల్ నుంచి భూభారతి వచ్చింది, పాత రికార్డు కొత్తదానితో కలుస్తోందో లేదో ఒక వకీలుకి చూపించండి. ఇల్లు కట్టే మేరకి నాలా మార్పిడి, అంటే సాగు భూమిని సాగేతర భూమిగా మార్పించడం, కావాలి, ఇంటికి వేరే మీటరు కావాలి, బోరు మోటారు ఉచిత కరెంటు ఇంటికి వాడుకోకూడదు. ఇవన్నీ కష్టం కాదు, తిరుగుడే.

ఇక పాడి. "ఒక బర్రె, రోజుకి 8 లీటర్లు, ఇంటికి 2, మిగతా 6 అమ్మకం" అని రాశారు. కాగితం మీది బర్రె ఏడాది పొడవునా 8 లీటర్లే ఇస్తుంది. గొడ్ల కొట్టంలోది అలా ఇవ్వదు. ఈనిన కొత్తలో ఇచ్చి, మెల్లగా తగ్గి, చూడి మీద వట్టిపోతుంది. పది నెలలు మోస్తుంది. అప్పుడు మీరు పాల ప్యాకెట్టు కొంటూ దానికి రోజుకి పాతిక ముప్పై కిలోల పచ్చిగడ్డి కోసి వేస్తుంటారు. ఏడాది పొడవునా ఇంటి పాలే తాగాలంటే రెండు బర్రెలుండాలి, ఒకటి వట్టిపోయేసరికి ఇంకోటి ఈనేలా. రెండంటే గడ్డి రెండింతలు, పేడ రెండింతలు. ఇంకో సంగతి, బర్రెకి చెయ్యి అలవాటవుతుంది. రోజూ పితికే మనిషి పెళ్ళికి పోతే కొత్త చేతికి చేపదు, తన్నుతుంది, పాలు ఎగబెడుతుంది. మీ ఆవిడ పుట్టింట్లో పెళ్ళయితే ఎన్ని రోజులు ఉండి వస్తారు? ఇప్పుడు ఉండగలిగినన్ని రోజులు అప్పుడూ ఉండగలరా? ఆవిడ తన మనసులో వేసుకున్న లెక్క ఇదే అయ్యుంటుంది. లెక్కల టీచరు కదా.

కోళ్ళ మీద నాకేమీ అభ్యంతరం లేదు. గుడ్లకి గ్రామప్రియ, గుడ్లకీ మాంసానికీ పనికొచ్చేది వనరాజా, రెండూ రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన కేంద్రం వాళ్ళు పెరటి కోసమే తయారుచేసినవి. కొక్కెర రోగానికి టీకాలు తప్పకుండా వేయించండి. నేను రిటైరైన ఏడాది మా ఊళ్ళో ఇరవై పెంచాను. అన్నీ తెలిసినదాన్ని కదా, తడిక బదులు జాలీ కొట్టించి ధీమాగా ఉన్నాను. జాలీ నేలకి ఆనే చోట గుప్పెడంత సందు మిగిలింది. ఒక రోజు తెల్లారగట్ల ముంగిస దూరింది. పొద్దున్నే తలుపు తీస్తే పద్నాలుగు, మెడల దగ్గర మాత్రమే కొరికి ఉంది, తినను కూడా లేదు. ముప్పై ఏళ్ళు రైతులకి పాఠాలు చెప్పిన మనిషిని, ఆ పూట గంపలో ఎత్తుకెళ్ళి గొయ్యి తీసి పూడ్చాను. పక్కింటి ముసలాయన వచ్చి చూసి, ఏమీ అనకుండా, మర్నాడు నాలుగు బండరాళ్ళు తెచ్చి జాలీ అంచున వరసగా పరిచి వెళ్ళాడు. ఇప్పటికీ ఆ రాళ్ళు అక్కడే ఉన్నాయి.

ఆ ముసలాయన్ని ఎందుకు తెచ్చానంటే, మీ నాలుగు పేజీల్లో పరిగి దగ్గరి ఆ ఊరి మనిషి ఒక్కడూ లేడు. అమ్మేవాళ్ళున్నారు, పత్తికి మందులు కొట్టేవాళ్ళున్నారు, అంతే. మీరు "ఎవరి మీదా ఆధారపడకుండా" అని మూడు చోట్ల రాశారు. మన ఊళ్ళలో అలా బతికిన ఇల్లు నేనెరుగను. ఉప్పు ఎప్పుడూ పండలేదు. నాగలి కర్రు సాన పట్టడానికి కమ్మరి కావాలి, బండికి వడ్రంగి కావాలి, నాట్లకి పది మంది ఆడవాళ్ళు ఒకరి మడికొకరు బదులు పోయేవాళ్ళు. ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో న్యాయమెంత, ఎవరి రెక్కలు ఎంతకి పోయేవి అన్నది వేరే చర్చ, దాన్ని నేను బంగారు కాలమని అనను. కానీ ఏ ఇల్లూ ఒంటరిగా తినలేదు. మీ కందులు పండితే పప్పు చేయడానికి ఎవరి దగ్గర ఇసుర్రాయి ఉందో, అర్ధరాత్రి బర్రె ఈనలేకపోతే ఎవరిని లేపాలో తెలియకుండా అక్కడ ఐదుగురు దిగితే అది సొంత కాళ్ళ మీద నిలబడటం కాదు, నడి పొలంలో చిక్కుకుపోవడం.

ఇప్పుడు అమ్మగారు. ఆవిడ "నీ ఇష్టం నాయనా" అనడాన్ని మీరు ఒప్పుదల కింద వేసుకున్నారు. 2003 నాటికి మీకు 17 ఏళ్ళు. ఆ పొలం మీకు ఆడుకున్న చోటు, పొద్దుపోయేదాకా తిరిగిన చోటు. ఆవిడకి అది మూడు బోర్ల అప్పు. మొదటి బోరుకి ఏం తాకట్టు పెట్టారో, మూడో బోరుకి ఎవరి గడప తొక్కారో ఆవిడకి తెలుసు. మీ కలలోకి పొలం వస్తుంది, ఆవిడ కలలోకి ఏమొస్తుందో మీరెప్పుడైనా అడిగారా? నేనేదో ఊహించి రాస్తున్నాను, తప్పు కావచ్చు. ఆవిడకి నిజంగానే మట్టి మీద మనసు ఉండొచ్చు, కోళ్ళంటే ప్రాణం కావచ్చు. కానీ కొడుకు నాన్న పోగొట్టుకున్నది తిరిగి తెస్తానని నిలబడితే ఏ తల్లి వద్దంటుంది? వద్దనలేక ఊరుకోవడం కూడా "నీ ఇష్టం" లాగే వినబడుతుంది.

మీ ముందున్న దారులు నాకు కనబడినవి చెబుతాను.

ఫ్లాటు అమ్మి అందరూ ఒకేసారి వెళ్ళడం ఒకటి. చేయలేనిది కాదు, చేసినవాళ్ళున్నారు. కానీ ఒక సంగతి మీ లెక్కలో పడలేదు. ఇల్లు అమ్మిన లాభాన్ని ఇంకో ఇంటి మీద పెడితే పన్ను మినహాయింపు ఉంటుంది, పొలం మీద పెడితే ఉండదు. అంటే మీరు కట్టుకునే చిన్న ఇంటి మేరకే తప్పుతుంది. ఆ 18 లక్షల్లోంచి ఎంత పోతుందో ఆడిటర్ని అడిగి తెలుసుకోండి. మొదటి బోరు పడకపోతే రెండోది వేస్తారు, మీ ఇంటి చరిత్ర చూస్తే మూడోది కూడా వేస్తారేమోనని నాకు భయం. పాప మరో రెండేళ్ళలో పదో తరగతికి వస్తుంది. వెనక్కి రావాలంటే ఇల్లుండదు. ఈ దారే పడదామనుకుంటే ముట్టుకోకుండా రెండేళ్ళ ఇంటి ఖర్చు పక్కన పెట్టి, ఎన్ని బోర్ల దగ్గర ఆగాలో ముందే కాగితం మీద రాసి మీ ఆవిడ చేతికివ్వండి.

ఫ్లాటు ఉంచుకుని, పొదుపులో ఉన్నంతలో అరెకరమో ఎకరమో కొనడం రెండోది. కంది, మిరప, పసుపు, ఆకుకూరలు, పది కోళ్ళకి అది ఎక్కువే. మీరు అనుకున్న ఆరింట్లో రెండు మూడే తీరతాయి, అందుకు మీకు అసంతృప్తిగా ఉండొచ్చు. తర్వాత పక్క జాగా దొరక్కపోవచ్చు, రేటు పెరగొచ్చు. కానీ ఎప్పుడైనా వెళ్ళిపోవాలనిపిస్తే ఫ్లాటు అద్దెకిస్తే ఆ అద్దె వానతో పని లేని పంట.

మూడోది కౌలు. నాకు మొగ్గు ఇటే ఉంది, దాచను. వచ్చే మిరుగం నుంచి ఆ తర్వాతి ఉగాది దాకా అదే ఊళ్ళో ఎకరం కౌలుకి పట్టండి. మీకు వారానికి మూడు రోజులే ఆఫీసు, గురువారం రాత్రి వెళ్ళి ఆదివారం రాత్రి రావచ్చు. బర్రె వద్దు, ఇల్లు వద్దు, ఒక గది అద్దెకి తీసుకోండి. షీటులోని 31 పనుల్లో ఎన్ని చేయగలరో ఒక్కరే చేసి చూడండి, జీవామృతం డ్రమ్ము కలియబెట్టడంతో సహా. ఆ నాలుగు రోజులు మీరు లేనప్పుడు ఎవరు చూస్తారన్న ప్రశ్నకి జవాబు వెతుక్కుంటేనే ఊళ్ళో మనుషులు తెలుస్తారు. ఇందులో నష్టాలూ ఉన్నాయి. కౌలు చాలావరకు నోటి మాట, సర్కారు పెట్టుబడి సాయం పట్టాదారుకే పోతుంది, మీరు బాగుచేసిన నేలని ఏడాది తిరిగేసరికి వెనక్కి అడగొచ్చు. ఇప్పుడు చూసిన పొలం చేజారొచ్చు. మీ ఆవిడ శని ఆదివారాలు వస్తానన్నారు చూశారా, మీరు దాన్ని కాదనడంగా రాశారు. నాకది ఒప్పుకోవడంలాగే వినబడింది, ఎన్ని రోజులకి ఒప్పుకుంటారో లెక్క చెప్పి మరీ. ఈ దారిలో ఆ మాట సరిగ్గా ఇముడుతుంది.

అసలు వద్దనుకుని మిద్దె తోటతో, ఎర్రగడ్డ రైతు బజారుతో సరిపెట్టుకోవడం కూడా ఉంది గానీ, నాలుగు పేజీలు రాసిన మనిషికి అది ఎన్నాళ్ళు ఆనుతుందో నాకు అనుమానమే.

బయానా గురించి. అమ్మేవాళ్ళని మే నెలాఖరు దాకా గడువు అడగండి, కావాలంటే ఇంకొంచెం డబ్బిచ్చి అయినా, రాతపూర్వకంగా. నీళ్ళ మీద ధైర్యమున్నవాళ్ళు ఎండాకాలం చూడమనడానికి వెనకాడరు. ససేమిరా అంటే అది కూడా మీకు ఒక జవాబే. మూడు లక్షలు పోతే బాధగానే ఉంటుంది, కాదనను. ఒక బోరు పోయినంత అనుకోండి.

సంక్రాంతి దాటాక ఒక ఆదివారం, పిల్లల్నీ ఆవిడనీ ఇంట్లో వదిలి, అమ్మగారిని ఒక్కర్నే తీసుకుని ఆ పొలం దాకా వెళ్ళి రండి. కొనేది ఎలా ఉందో చెప్పమనకండి. మూడో బోరు వేసిన రోజు ఏం జరిగిందో అడగండి, అడిగి ఊరుకోండి.

తర్వాత ఆ షీటు మళ్ళీ ప్రింటు తీయండి. పనులన్నీ ఉంచి, ఎవరు చేస్తారన్న కాలమ్ ఖాళీగా వదిలేసి, ఒక పెన్నుతో పాటు భోజనాల బల్ల మీద పెట్టండి. పది రోజులు అలాగే ఉండనివ్వండి. ఏమేం నిండాయో, ఏమేం ఖాళీగా మిగిలాయో నాకు రాయండి. కోళ్ళ పక్కన అమ్మగారు తన పేరు రాసుకుంటారో లేదో తెలుసుకోవాలని నాకూ ఉంది.